బాపు దుకాణం లెక్క

మాది సోలాపూర్. మా పెద్దలు మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చిన పద్మశాలీలు. ఎప్పుడు వచ్చారని అడిగితే నానమ్మ "మా తాతల కాలంల" అంటుంది, అంతకన్నా చెప్పలేదు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, గల్లీలో రెండూ కలిపి మాట్లాడుకుంటాం. మేము కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ కాలనీలో ఉంటాం. బీడీలు చేసే ఆడవాళ్ళ కోసం కట్టిన 10,000 ఇళ్ళ కాలనీ అది. 2006లో మా నానమ్మకు అక్కడ ఇల్లు వచ్చింది. ఇప్పుడు నానమ్మ చేతులు వణుకుతాయి కాబట్టి బీడీల చాట అమ్మ ఒళ్ళోకి వచ్చింది.

మా బాపు ఇదివరకు పవర్‌లూమ్ కారఖానాలో జాబర్‌గా పనిచేసేవాడు. మగ్గం చెడిపోతే బాగుచేసేవాణ్ణి జాబర్ అంటారు. ఆ కారఖానా మూతపడ్డాక బాపు ఒక పెద్దమనిషి దగ్గర కుట్టు మిషన్ల రిపేరు నేర్చుకొని పట్నంలో తూర్పు వైపు చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు. సోలాపూర్‌లో చద్దర్లే కాదు, స్కూలు యూనిఫాంలు కుట్టే కారఖానాలు కూడా చాలా ఉన్నాయి. అందుకని మిషన్ల రిపేరుకు ఇక్కడ పని దొరుకుతుంది.

ఈ సంవత్సరం దీపావళి సుట్టీలు మొదలైనప్పుడు మా ఇంట్లో ఒక పెద్ద చర్చ జరిగింది. ఒక యూనిఫాం కారఖానా మాలక్ బాపును పిలిచి, "దుకాణం బంద్ చెయ్యి, నా దగ్గర మెకానిక్‌గా చేరు. నెలకు 17,000 ఇస్తా. ఆదివారం సుట్టి" అన్నాడట. జనవరి ఒకటో తారీఖు లోపల జవాబు చెప్పమన్నాడు.

నానమ్మ, "సొంత దుకాణం సొంత దుకాణమే. ఒకని కింద పనిచేసిన రోజులు మరిచినవా?" అంది. అమ్మ ఏమీ అనలేదు, బీడీలు చుట్టుకుంటూ కూర్చుంది. బాపు మాత్రం నవ్వి, "నాకు నెలకు ముప్పై వేలు వస్తున్నయి. పదిహేడు వేలకు నేనెందుకు పోవాలె?" అన్నాడు.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. నెలకు ముప్పై వేలు వస్తే నా ట్యూషన్ ఫీజు రెండు నెలలు ఎందుకు ఆగింది? అమ్మ కిరాణా కొట్టు ముందు నుంచి పోకుండా వెనక గల్లీలోంచి ఎందుకు పోతోంది?

అప్పుడే మా లెక్కల సార్ జీఎస్టీ పాఠం చెప్పి ఉన్నారు. పదో తరగతి గణితంలో ఆ పాఠం ఉంది. అందులో ఒక వ్యాపారి సరుకు కొన్న బిల్లు, అమ్మిన బిల్లు ఇచ్చి లెక్కలు చెయ్యమంటారు. సార్ ఆ రోజు, "చేతికి వచ్చిందంతా సంపాదన కాదు పిల్లలూ. అమ్మకం వేరు, లాభం వేరు" అన్నారు. ఆ లెక్కలన్నీ నేను చేశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ మా ఇంటి లెక్క ఒక్కసారి కూడా చేసి చూడలేదు.

నేను బాపును అడిగాను: "బాపూ, నవంబర్ నెలంతా నేను వహీ రాస్తా. నువ్వు పొద్దుగూకినాక నాకు చెప్తే చాలు."

"నా దగ్గర వహీ ఉన్నదిగదా బిడ్డా" అన్నాడు.

ఉంది. కానీ దాంట్లో ఎవరు ఎంత ఇవ్వాలో సగం సగం రాసి ఉంది. కొన్ని చోట్ల పేరు ఉంది, పైసలు లేవు. కొన్ని చోట్ల పైసలున్నాయి, పేరు లేదు. నేను కొత్త వహీ తీసి గీతలు కొట్టాను. గల్లా ఖాళీ చేసి నవంబర్ ఒకటో తారీఖున మొదలుపెట్టాం. సుట్టీలలో నేను కూడా దుకాణంలోనే కూర్చున్నాను. స్కూలు తెరిచాక రాత్రి భోజనాల తర్వాత రాసుకున్నాం.

దుకాణంలో కూర్చున్నాకే బాపు పని ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది. ఒకామె తొక్కుడు మిషన్ తెచ్చి, "కుట్టు జారుతున్నది" అంది. బాపు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి నాకు చూపించాడు. సూది కిందికి దిగి మళ్ళీ కొంచెం పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉంగరంలాగా వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే కింది మొన వచ్చి ఆ ఉంగరాన్ని అందుకోవాలి. వెంట్రుకవాసి ముందు వచ్చినా వెనక వచ్చినా కుట్టు తప్పుతుంది. బాపు సూదిని కొద్దిగా కిందికి దించి, స్క్రూ బిగించి, నూనె వేసి, ఒక గుడ్డముక్క మీద కుట్టి చూపించాడు. పది నిమిషాలు పట్టింది. 200 అడిగితే ఆమె, "పది నిమిషాల పనికి రెండు వందలా?" అంది. బాపు 150 తీసుకున్నాడు. ఆ పది నిమిషాల పని నేర్చుకోవడానికి బాపుకు ఎన్నేళ్ళు పట్టిందో ఆమెకు తెలియదు. ఆ రోజు దాకా నాకు కూడా తెలియదు.

నెల పూర్తయింది. దుకాణం తెరిచింది 25 రోజులు. ముందు రాబడి రాశాను. దుకాణానికి వచ్చిన ఇంటి మిషన్ల సర్వీసు 38. ఎక్కువ తక్కువలన్నీ కలిపితే సగటున ఒక్కోదానికి 200 చొప్పున 7,600. కారఖానాలకు పోయి చేసిన రిపేర్లు 44. ఒక్కోదానికి 250 చొప్పున 11,000. బెల్టులు, బాబిన్ కేసులు, హుక్ సెట్లు, సూదులు లాంటి సామాను అమ్మింది 9,400. మొత్తం 28,000.

బాపు సంబరపడ్డాడు. "చూసినవా? సీజన్ లేని నెలలనే ఇరవై ఎనిమిది. నేను ముప్పై అన్న." నిజమే, ఆయన మాటలో పెద్ద అబద్ధం లేదు. కానీ అది రాబడి. లాభం ఇంకా లెక్క కట్టలేదు.

తర్వాత ఖర్చు రాశాను. సామాను దగ్గరే నేను మొదట తప్పు చేశాను. ఆ నెల బాపు 9,000 రూపాయల సామాను కొన్నాడు. నేను 9,000 మొత్తం ఖర్చులో వేశాను. కానీ సామానంతా అమ్ముడుపోలేదు. కొంత ఇంకా డబ్బాల్లోనే ఉంది. సార్‌ను అడిగితే, "అమ్మిన వస్తువు కొన్న ధరే ఈ నెల ఖర్చు. మిగిలింది వచ్చే నెలకు పోతుంది" అన్నారు. కాబట్టి డబ్బాలన్నీ దించి లెక్కపెట్టాం. 9,400కు అమ్మిన సామాను కొన్న ధర 7,300. డబ్బాల్లో మిగిలింది 1,250. ఇంకా 450 తేడా వచ్చింది. అది ఎక్కడ పోయిందని ఆలోచిస్తే బాపుకు గుర్తొచ్చింది. ఒక కారఖానాలో వేసిన హుక్ సెట్ సరిపడక, దాన్ని తీసేసి ఇంకొకటి పైసలు తీసుకోకుండా వేశాడట. అది కూడా ఖర్చే.

ఇంకో సంగతి. కొన్న బిల్లులలో జీఎస్టీ కలిసే ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద వ్యాపారి కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటాడు. మా పాఠంలో ఉన్న లెక్క అదే. కానీ రిపేరు పనిలాంటి సేవలు చేసేవాళ్ళకు సంవత్సరానికి 20 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కరలేదు. బాపు రాబడి దానికి చాలా దూరం. కాబట్టి ఆయనకు తగ్గించుకోవడం ఉండదు. కట్టిన పన్ను ఆయనకు పూర్తిగా ఖర్చే.

మిగిలిన ఖర్చులు ఇవి:

దుకాణం కిరాయి 2,500.
కరెంటు 450.
పెట్రోలు 2,600.
నూనె, గుడ్డపీలికలు, ఎమరీ కాగితం 500.
ఫోన్ రీఛార్జి 300.
వచ్చినవాళ్ళకూ తనకూ చాయ్ 900.
స్కూటర్ ట్యూబు, పంచర్లు 650.

ఆ నెలే బాపు 1,200 పెట్టి ఒక డ్రిల్ మిషన్ కొన్నాడు. దాన్ని ఒక్క నెల ఖర్చులో వేస్తే నవంబర్‌కు అన్యాయం అవుతుంది. రెండేళ్ళు పనిచేస్తుందని బాపు అన్నాడు. 1,200ను 24 నెలలకు పంచితే నెలకు 50. అంతే వేశాను.

సామాను 7,300, ఉత్తగా పోయిన హుక్ సెట్ 450, మిగతావన్నీ కలిపితే మొత్తం ఖర్చు 15,700. రాబడి 28,000లోంచి తీసేస్తే లాభం 12,300.

రెండుసార్లు కూడి చూశాను. అంతే వచ్చింది.

దాంతో ఆగితే బాగుండేది. నాకు లెక్క వచ్చిందన్న ఉత్సాహంలో ఇంకా ముందుకు పోయాను. బాపు రోజుకు పది గంటలు పనిచేస్తాడు. 25 రోజులకు 250 గంటలు. 12,300ను 250తో భాగిస్తే గంటకు 49 రూపాయలు. కిరాయి, కరెంటు, ఫోన్, చాయ్ కలిపితే 4,150. ఇవి పని ఉన్నా లేకున్నా పెట్టాల్సిన ఖర్చులు. 200 చొప్పున చూస్తే నెలలో మొదటి 21 మిషన్ల సర్వీసు వీటికే సరిపోతుంది. ఇవన్నీ నేను గట్టిగా చదివి వినిపించాను. చివరికి, "బాపూ, దుకాణం కన్నా నౌకరీలో 4,700 ఎక్కువ వస్తయి" అన్నాను.

బాపు ముఖం మారిపోయింది. "పదిహేనేళ్ళ సంది ఇల్లు నడిపింది ఈ దుకాణమే. నువ్వు చదివింది కూడా దీనితోనే. ఇప్పుడు నాకే లెక్కలు నేర్పిస్తవా?" అన్నాడు. వహీ మూసి పక్కన పెట్టి బయటకు పోయాడు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెట్టుకునేటప్పుడు "నీళ్ళు" అన్నాడు, అంతే.

నాకు ఏడుపు వచ్చింది. నేను తప్పు లెక్క చేయలేదు. కానీ ఒక మనిషి పదిహేనేళ్ళ కష్టాన్ని గంటకు 49 అని చదివేటప్పుడు అది ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు. సార్‌కు చెప్పాను. ఆయన కొంచెం సేపు ఆగి రెండు మాటలు అన్నారు. ఒకటి, ఆ 12,300 అనేది ఉత్త లాభం కాదు, మీ నాయన కూలి కూడా దాంట్లోనే ఉంది. రెండు, ఒక్క నెల చూసి సంవత్సరం గురించి చెప్పకూడదు.

రెండో మాట నాకు పట్టుకుంది. యూనిఫాంల పని స్కూళ్ళు తెరిచే ముందు ఎక్కువ. మార్చి నుంచి జూన్ దాకా కారఖానాలు రాత్రింబగళ్ళు నడుస్తాయి. బాపు పాత వహీలో మే నెల పేజీలు, దొరికినన్ని బిల్లులు తీసి అదే పద్ధతిలో లెక్క కట్టాను. మే రాబడి 45,200. ఖర్చు 23,200. లాభం 22,000. నాలుగు నెలలు మే లాగా, ఎనిమిది నెలలు నవంబర్ లాగా ఉంటాయనుకుంటే సంవత్సరానికి 88,000, 98,400 కలిపి 1,86,400. నెలకు సగటున 15,500 పైచిలుకు. అంటే నౌకరీకీ దుకాణానికీ తేడా 4,700 కాదు, 1,500 లోపలే. ఇది అంచనానే, కానీ ఒక్క నవంబర్ చూసి చెప్పినదాని కన్నా నయం.

ఈ కాగితం తీసుకుపోయి బాపు ముందు పెట్టాను. "ముందు నేను తొందరపడ్డ బాపూ" అన్నాను. ఆయన చాలాసేపు చూశాడు. "అయితే మే నెలల ఇరవై రెండు మిగిలినయన్నమాట. మరి ఆ పైసలన్నీ ఏమైనయే?" అని తనే నవ్వాడు. అప్పటికి మా మాటలు మళ్ళీ కలిశాయి.

కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. లాభం 12,300 అంటున్నాం కదా, నవంబర్‌లో చేతికి అంత రాలేదు. పైసలు వచ్చింది ఎంత, పోయింది ఎంత అని వేరే పేజీలో రాశాను. 28,000 పనిలో 6,500 ఉద్దెర. అంటే కొత్త పనికి వచ్చింది 21,500. పాత ఉద్దెర 2,000 వసూలైంది. మొత్తం 23,500 వచ్చాయి. పోయినవి చూస్తే సామానుకు 9,000, డ్రిల్‌కు పూర్తిగా 1,200, మిగతా ఖర్చులు 7,900. మొత్తం 18,100. మిగలాల్సింది 5,400.

లాభం 12,300, చేతిలో 5,400. మధ్యలో 6,900 ఎక్కడ? వెతికితే దొరికాయి. ఉద్దెర 6,500 కొత్తగా పోయి 2,000 తిరిగి వచ్చింది కాబట్టి 4,500 జనం దగ్గర ఉంది. 1,250 డబ్బాల్లో సామానుగా ఉంది. 1,150 డ్రిల్ మిషన్‌లో ఉంది. కూడితే సరిగ్గా 6,900. ఈ లెక్క కలిసినప్పుడు నాకు పరీక్షలో కూడా రానంత సంతోషం వచ్చింది. లాభం ఉండి కూడా జేబు ఎందుకు ఖాళీగా ఉంటుందో అప్పుడు అర్థమైంది.

అయితే బాపు ఆ నెల ఇంటి ఖర్చుకు ఇచ్చింది 9,000. అది అమ్మ కూడా ఒప్పుకుంది. చేతిలో మిగిలింది 5,400 అయితే 9,000 ఎలా ఇచ్చాడు? గల్లా మొదట ఖాళీ, చివర ఖాళీ. 3,600 తేడా. మూడుసార్లు కూడాను. చాయ్ పైసలు, పెట్రోలు పైసలు అన్నీ మళ్ళీ చూశాను. ఎక్కడో పెద్ద తప్పు చేశాననుకొని పెన్సిల్ కింద పెట్టాను.

అమ్మ అక్కడే గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. చాటలో తునికి ఆకు, తంబాకు. తల ఎత్తకుండానే అంది: "నీ లెక్కల తప్పేం లేదే. ఆ మూడువేల ఆరువందలు నావి."

నేను అర్థం కాక చూశాను.

"బీడీల పగారు వచ్చిన దినం మీ బాపుకు ఇచ్చిన. సామాను తేవాలె, చేతుల పైసల్లేవు అన్నడు. సీజన్ లేనప్పుడు ఇస్తనే ఉంట. సీజన్‌ల తిరిగిస్తడు. ఒక్కోసారి ఇస్తడు, ఒక్కోసారి ఇంట్లనే ఖర్చైతయి."

బాపు ఏమీ అనలేదు. కాదని కూడా అనలేదు.

అంటే అమ్మ పైసలు దుకాణంలోకి పోయి, సామాను అయి, ఉద్దెర అయి, మళ్ళీ "బాపు ఇచ్చిన 9,000"లో కలిసి అమ్మ చేతికే వచ్చాయి. మేమంతా దుకాణం ఇల్లు నడుపుతోందనుకున్నాం. పని తక్కువున్న నెలల్లో దుకాణాన్ని నడిపేది అమ్మ బీడీలు. కానీ ఆ సంగతి పాత వహీలో ఎక్కడా లేదు, నేను గీతలు కొట్టిన కొత్త వహీలో కూడా లేదు. నేను అన్ని వరుసలు గీశాను కానీ అమ్మకు ఒక వరుస గీయలేదు.

బయట ఎవరి దగ్గరైనా తెస్తే బాపు వడ్డీ కట్టాలి. వడ్డీ ఖర్చులో పడుతుంది. అమ్మ వడ్డీ అడగలేదు కాబట్టి అది ఖర్చు కాలేదు. అడగనివాళ్ళ పైసలు లెక్కలోకి రావని ఆ రాత్రి నాకు తెలిసింది. అమ్మను గుర్తున్నంతవరకు చెప్పమన్నాను. జూలై నుంచి నవంబర్ దాకా ఏ నెల ఎంత ఇచ్చిందో తారీఖులు లేకున్నా పండుగల గుర్తుతో చెప్పింది. నారళీ పున్నమి మార్కండేయ రథం ముందు 3,000, గణపతుల అప్పుడు 2,500, ఇలా. మొత్తం 14,200.

ఇక నౌకరీ సంగతి. సంవత్సరం లెక్క వేశాక నేను బాపును ఒకటి అడిగాను: "ఆ మాలక్ 17,000 ఎన్ని నెలలు ఇస్తడు?" అప్పటిదాకా ఇంట్లో ఎవరమూ ఈ మాట అడగలేదు. బాపు పోయి అడిగి వచ్చాడు. "జూన్ దాకా పక్కా. తర్వాత పని చూసి చెప్తా" అన్నాడట. జనవరి నుంచి జూన్ అంటే ఆరు నెలలు, 1,02,000. జూలైలో మళ్ళీ దుకాణం తెరిస్తే పాత గిరాకీ వేరే మెకానిక్ దగ్గరికి పోయి ఉంటుంది.

అలాగని దుకాణం ఇప్పుడున్నట్టే ఉంటే బాగుందని కూడా అనలేం. వహీలో ఇంకా కొన్ని సంగతులు కనిపించాయి. నవంబర్‌లో 44 కాకుండా ఇంకో 9 చోట్లకు బాపు పోయి "చిన్న పనే" అని పైసలు తీసుకోలేదు. ఆ తొమ్మిదిలో నాలుగు మా కాలనీలో మిషన్ మీదనే బతికే ఆడవాళ్ళవి. ఐదు కారఖానాలవి. "నాలుగు ఉండనీ బాపూ, కారఖానాల ఐదుకు తీసుకో" అన్నాను. ఐదుకు 250 చొప్పున 1,250. మా దుకాణం కిరాయిలో సగం. రిపేరు ధర 250 అని పెట్టి చాలా ఏళ్ళయింది. అప్పటి నుంచి పెట్రోలు పెరిగింది, బాపు మాత్రం అక్కడే ఉన్నాడు. పాత ఉద్దెరలో ఒక కారఖానా మూతపడి 4,200 పోయే ఉంది. అది అడగడానికి ఇప్పుడు తలుపు కూడా లేదు.

బాపు ఆలోచించి మాలక్ దగ్గరికి నా కాగితం పట్టుకుని పోయాడు. నవంబర్‌లో 44 రిపేర్లలో 12 ఆయన కారఖానావే, 3,000 అయ్యాయి. బాపు ఆయనతో, "దుకాణం బంద్ చెయ్యను. వారానికి రెండు పొద్దుగాలలు మీ దగ్గరికి వచ్చి అన్ని మిషన్లు చూస్త, చెడిపోకముందే బాగుచేస్త. నెలకు 5,000 ఇయ్యుండ్రి. సామాను వేరే" అన్నాడట. మాలక్ 4,000 అన్నాడు. చివరికి 4,500 దగ్గర కుదిరింది, జూన్ దాకా. నెల ఒకటో తారీఖున ఇవ్వాలి, ఉద్దెర లేదు. ఈ ఒక్క మాట అనడానికి బాపు ఎంత కష్టపడి ఉంటాడో నాకు తెలుసు. ఆయనకు పైసలు అడగడం సిగ్గు.

ఇంకా అన్నీ సర్దుకోలేదు. కారఖానాల రిపేరుకు 300 అంటే ఇద్దరు వేరే మెకానిక్‌ను పిలుచుకున్నారు. చాయ్ తగ్గించమంటే బాపు ఒప్పుకోడు. "చాయ్ తాగే జాగలనే గిరాకీ ఉంటది" అంటాడు. అది కూడా నిజమే కావచ్చు, దాన్ని ఏ వరుసలో రాయాలో నాకు తెలియలేదు. ప్రతి శనివారం ఉద్దెర ఉన్నవాళ్ళకు ఫోన్ చేసే పని నాకు అప్పగించాడు. "కాకా, నేను మిషన్ మెకానిక్ బిడ్డను మాట్లాడుతున్న" అని మొదలుపెడతాను. కొంతమంది అదే రాత్రి పంపుతారు. కొంతమంది ఫోన్ ఎత్తరు.

వచ్చే సంవత్సరం నేను పదకొండో తరగతికి పోవాలి. అక్కడ తెలుగు మీడియం ఉండదు, ఫీజు మాత్రం ఉంటుంది. ఇదివరకు ఆ మాట వస్తే బాపు "చూద్దాం" అనేవాడు. ఇప్పుడు వహీ తెప్పించుకుని "ఎంతున్నది చూడు" అంటున్నాడు. ఈ రెండు మాటలకు తేడా నాకు బాగా తెలుస్తోంది.

ఈ వ్యాసం చదివే తోటి విద్యార్థులకు ఒక మాట. మనలో చాలామంది ఇళ్ళల్లో టైలరింగో, కిరాణమో, రిక్షానో, చిన్న దుకాణమో ఉంటుంది. ఒక్క నెల రాసి చూడండి. రాబడి ఒక పేజీలో, ఖర్చు ఒక పేజీలో, ఉద్దెర ఇంకో పేజీలో. లెక్క వచ్చాక మాత్రం నాలాగా గట్టిగా చదవకండి, మెల్లగా పక్కన కూర్చొని చూపించండి. అది కలవకపోతే కంగారు పడకండి. ఇంట్లో ఎవరు మాట్లాడకుండా కూర్చున్నారో చూసి వాళ్ళను అడగండి.

మా కొత్త వహీలో ఇప్పుడు చివరి పేజీ అమ్మది. పైన "దుకాణం అమ్మకు ఇవ్వాల్సింది: 14,200" అని రాశాను. డిసెంబర్‌లో బాపు 2,000 ఇచ్చాడు. అమ్మ నోట్లు లెక్కపెట్టి డబ్బాలో పెట్టుకుంది. తర్వాత నన్ను పిలిచి, "రాసినవా?" అని అడిగింది.

రాశాను. మిగిలింది 12,200.